అరటిపువ్వు ఎక్కువ వేసిన గిన్నె

మెకాంగ్ ఒడ్డున థావీ అమ్మే బియ్యపు సేమ్యా రుచి ఎంతటిదంటే, పోయినవాళ్లకు ముద్దలు పెట్టే ప్చుమ్ బెన్ పండగ రోజుల్లో దయ్యాలు కూడా ఆమె బండి ముందు వరస కడతాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ పక్షం రోజులూ తెల్లవారకముందే బౌద్ధ విహారం చుట్టూ తిరుగుతూ, పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి అన్నం ముద్దలు విసరాలి. ఎవరూ పిలవనివాళ్లకు ఆ ఏడు పస్తే.

థావీ అమ్మానాన్నలను పిలిచింది. అన్న సాఫొన్‌ను పిలవలేదు. నియంత పోల్‌పాట్ రోజుల్లో వాణ్ని కాలవ తవ్వడానికి తోలుకుపోయారు. శవం కంటపడలేదు. కళ్లతో చూడని చావుకు ముద్దెందుకు?

వెనక మసకలోంచి ఒక గొంతు.

"యిమ్ సాఫొన్! వచ్చి తిను నాయనా."

థావీ గిర్రున తిరిగింది. గళ్ల తువ్వాలు మెడకు చుట్టుకుని, నెరిసిన జుట్టుతో, ఒక్కతే నిలబడి ఉందొకామె.

"ఎవరమ్మా నువ్వు? బతికున్న మా అన్నను దయ్యాల్లో కలుపుతావా?"

"మీ... అన్నా?"

"కాక మీ అన్నా? పిలిస్తే నీవాళ్లను పిలుచుకో!"

"పిలిచానమ్మా. అందరినీ."

తెల్లవారాక ఆమె బండి దగ్గరికొచ్చింది. ఏదో చెప్పాలన్నట్టు నిలబడింది. థావీ పలకరించలేదు. గిన్నెలో సేమ్యా పెట్టి, చేపల పులుసు పోసి, పైన గుప్పెళ్లతో అరటిపువ్వు తరుగు కుమ్మరించింది.

"అంత అరటిపువ్వు ఎవరికమ్మా?"

"మా అన్నకి. రోజూ మొదటి గిన్నె వాడిదే. ఏదో ఒక రోజు పడవ దిగుతాడు. దిగగానే 'ఇంకాస్త అరటిపువ్వెయ్యవే పిసినారీ' అంటాడు. నీకు వాడి సంగతేమైనా తెలుసా? తెలిస్తే చెప్పు, వింటా."

గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"తెలీదమ్మా. నేను పిలిచింది ఇంకో సాఫొన్‌ని. పొరపాటు."

"జుట్టు నెరిస్తే సరిపోదు, నోరు తెరిచేముందు చూసుకోవాలి! పో, పో."

ఆమె తలొంచుకుని వెళ్లిపోయింది.

మరుసటేడు ప్చుమ్ బెన్‌కి టుక్‌టుక్ ఆటో నడిపే ఛియాన్ ఖాళీ బండితో వచ్చాడు.

"అక్కా, పోయినేడు నా బండిలో వచ్చిన మొలిక గారు పోయారు."

"ఏ మొలిక?"

"రేడియో వినవా నువ్వు? పోల్‌పాట్ రోజుల చావుల మీద పుస్తకాలు రాసింది ఆవిడే. కోర్టులో సాక్ష్యం చెప్పింది ఆవిడే. చూసింది దాచొద్దని దేశదేశాలూ తిరిగి చెప్పింది. ఇక్కణ్నుంచి వెనక్కెళ్తూ మాత్రం దారంతా ఏడ్చింది. 'ఇవాళ అబద్ధమాడాను ఛియాన్' అంది."



"ఏం అబద్ధం?"

ఛియాన్ గిన్నెకేసి చూశాడు. "కాలవ దగ్గర ఒకతను తన గంజి పక్కవాళ్లకు పోసి, తను పడిపోయాడట. పోయేముందు అరటిపువ్వు అడిగాడట అక్కా."

"పక్కవాళ్లంటే? ఎవరికి పోశాడు?"

ఛియాన్ తన బండిలో ఆవిడ కూర్చున్న ఖాళీ సీటును చేత్తో తడిమాడు.

మర్నాడు తెల్లవారకముందే థావీ రెండు ముద్దలు విసిరింది.

"సాఫొన్ అన్నా!"

కాసేపాగి, "మొలికక్కా!" అని పిలిచింది. ఆ పేరు పిలిచే సొంతవాళ్లు భూమ్మీద ఇంకెవరూ మిగల్లేదు.

ఇక, దయ్యాలు వరస కడతాయన్నది నా కోతే. ఆ బండి ముందు నిలబడి ఆకలితో తిరిగి వెళ్లింది ఒక్కరే, సాఫొన్ పోసిన గంజి తాగి బతికిన మనిషి.