చూడలేకపోయిన ఫైళ్లు

సుశీలాబాయి మీట నొక్కగానే కంప్యూటర్ తెర మీదికి చిన్న చుక్క ఒకటి బంతిలా ఎగురుతూ వచ్చింది.

అక్షరాలను గుద్దుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతోంది.

"కిషనన్నా, జర ఇటు రా! ఏందిది, దానంతట అదే ఎగురుతుంది!"

పక్కింటి కిషన్‌రావు వచ్చి చూశాడు. ఫారెస్టు ఆఫీసు పని మీద చంద్రపూర్‌లో కంప్యూటర్ నేర్చుకొచ్చిన మనిషి. సిరొంచలో ఆ పెట్టె గురించి అడగాలంటే ఆమెకు ఆయనొక్కడే దిక్కు.

"వైరస్ పట్టింది చెల్లె. ఏదో ఫ్లాపీల నుంచి వచ్చింటది. పరేషాన్ కాకు. దాన్ని పట్టే ఫ్లాపీ ఉన్నది, తెప్పిస్త."

పరేషాన్ కాకుండా ఎట్లా ఉంటుంది? భర్త జీవితమంతా ఆ పెట్టెలోనే ఉంది.

గోపాల్‌రావు బడిలో గురుజీ. అడవి ఊళ్లకు పోయి గోండి మాటలు పోగుచేసేవాడు. వాటికి తెలుగులో, మరాఠీలో అర్థాలు రాసేవాడు. ఎనభై ఆరు వరదలో ఆ కాగితాలన్నీ ప్రాణహిత నది పాలయ్యాయి. కొన్నేళ్లకు ఎవరో ఆఫీసువాళ్లు తీసేసిన పాత కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పని పూర్తయింది. పూర్తయిన ఏడాది వానాకాలంలోనే మలేరియాతో పోయాడు.

పుస్తకం అచ్చు వేస్తామని నాగపూర్ నుంచి కబురు వచ్చింది. ఫ్లాపీలో పంపితే చాలన్నారు.

వైరస్‌ను పట్టే ఫ్లాపీ వచ్చిన రోజు ముసురు. కిషన్‌రావు దాన్ని పెట్టి మీట నొక్కాడు. ఫైళ్ల పేర్లు తెర మీద జారిపోతూ, చివర ఇంగ్లీషులో రెండు ముక్కలు చూపించి ఆగాయి.

"ఏమన్నది అన్నా?"

"బంతి పోయింది. గని కొన్ని ఫైళ్లను చూడలేకపోయిన అంటుంది. తాళం ఏసున్నయి. తెరుద్దామంటే ఏదో మాట అడుగుతుంది. గురుజీ నీకేమన్న చెప్పిండా?"

"నాకేం చెప్పలే. మరి ఆయన పుస్తకం?"

"ఇగో, ఇండ్ల ఉన్నది చూడు." తెర మీద గోండి మాటలు, పక్కన అర్థాలు వరుసగా కనిపించాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

వాకిట్లో ఎవరో దగ్గారు.

బక్కపలచని మనిషి. మోకాళ్ల దాకా బురద. వానకు తడిసి వణుకుతున్నాడు.

"గురుజీ ఇల్లు ఇదేనా అక్కా? ఆయన పోయిండని మొన్ననే తెలిసింది. మీరు అనుకునేది ఇన్న. ఒక్కసారి కూసోనిస్తే ఆ ఫైళ్లు నేను తెరుస్త."

భార్యకు చెప్పని తాళం మాట ఇతని దగ్గర ఎట్లా ఉంది?

కిషన్‌రావు లేచి నిలబడ్డాడు. "నీ పేరేంది? ఏ ఊరు?"

ఆ మనిషి కిషన్‌రావు ఖాకీ ప్యాంటు వైపు చూశాడు. అడవి ఊరి పేరు చెబితే చాలు, నక్సలైటని ముందు ఠాణాలో కూర్చోబెట్టే కాలమది.

"గురుజీకి తెలిసినోణ్ని," అన్నాడు మెల్లగా.

"గురుజీ లేడు గద. ఇంకెవలకు తెలుసు నువ్వు?"

అతను సుశీలాబాయి వైపు తిరిగాడు.

"పొమ్మంటే పోత అక్కా. ఆ ఫైళ్లను మాత్రం ఉండనియ్యి. చూడలేకపోయిన అన్నది గని, చెడ్డయని అనలే."

"మంచియని కూడ అనలే," అన్నాడు కిషన్‌రావు.

సుశీలాబాయి అతని మొహంలోకి చూసింది. ఆమెకేమీ అంతుపట్టలేదు. తలుపు వేసేసింది.

కిటికీలోంచి చూస్తే అతను చూరు కింద కాసేపు నిలబడి, వానలోకి దిగి పోయాడు.

"ఈ పీడ ఈనె పంపినట్టున్నది చెల్లె. ఆ ఫైళ్లు ఉంటే మల్ల అన్నిట్లకు అంటుకుంటది. గురుజీ పుస్తకం కూడ పోతది. తుడిచెయ్యనా?"

భర్త పుస్తకానికి ఏమీ కాకూడదు. ఆమెకు అదొక్కటే తెలుసు.

"తుడిచెయ్యి అన్నా."

పాత ఫ్లాపీల్లోని నకళ్లను కూడా నమ్మలేక ఖాళీ చేయించింది. తెర మీద కనిపించిన పుస్తకాన్ని కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి నాగపూర్‌కు పంపించింది.

కొన్నాళ్లకు నాగపూర్ నుంచి జవాబు వచ్చింది. మొదటి రెండు మూడు అక్షరాల మాటలే అందాయి, మిగతా పుస్తకం ఎప్పుడు పంపుతారని.

తాళం వెనక ఉన్నదేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి కోసం వాకబు చేయించింది. పేరు తెలియని మనిషిని ఏమని వెతుకుతారు?

చలికాలంలో అడవి ఊరు కమలాపూర్ నుంచి సోనుబాయి అనే గోండు ఆడమనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మా అన్న భీము వానలల్ల ఈడికి వచ్చిండెనా అమ్మా?"

"బక్కగ ఉంటడా?"

"ఆయననే. జరంతోనే బయలెల్లిండు, తడ్సుకుంట మర్లి వచ్చిండు. ఇగ లేవలే."

సుశీలాబాయి ఆమెను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"పోయే ముందు తాళం మాట నాకు చెప్పిండు. గురుజీ ఇంటామెకు చెప్పు, పుస్తకం ఆగద్దు అన్నడు."

సోనుబాయి ఆ మాట చెప్పింది. దానితో తెరవడానికి ఇప్పుడు కంప్యూటర్‌లో ఏమీ లేదు.

"తాళం ఎందుకేసిండ్రు?" అని అడిగింది సుశీలాబాయి.

"అండ్ల మా అన్న పేరుండె. ఎవలన్న చూస్తే పోలీసులు పట్టుకపోతరని గురుజీకి బుగులు."

"మా ఆయన పుస్తకంల మీ అన్న పేరెందుకు?"

సోనుబాయి ఆమెను వింతగా చూసింది.

"ఆ పాత మాటలు ఎరుకైనోడు మా తాన ఆయనొక్కడే ఉండె. అన్న చెప్తుండె, గురుజీ రాస్కుంటుండె. పుస్తకం మా అన్నదే గదమ్మా."