గంటకో ఫోటో

లాండ్రీలో ఉతికి, ఇస్త్రీ చేసి, కొక్కేలకు తగిలించిన బట్టలు పద్దెనిమిది వందలు. ఒక్కోదానికీ ఒక నంబరు చీటీ. ఏ నంబరు ఎవరిదో తెలిసింది ఒక్క కంప్యూటరుకే. ఆ కంప్యూటరు పొద్దున పదకొండుంపావుకు కన్నుమూసింది.

నిజానికి మేనేజరే చంపాడు. తెర మీద “అప్‌డేట్ చేయమంటారా?” అని వస్తే, చదవకుండా “అవును” నొక్కాడు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

నాలుగింటికి కస్టమర్లు వస్తారు. వాళ్లకంటే ముందే యజమానురాలు వస్తుంది. ఒకరి చొక్కా ఇంకొకరికి ఇస్తే తన ఉద్యోగం ఊడటం ఖాయమని మేనేజరుకు తెలుసు.

అదృష్టం బాగుండి ఆ రోజే కంప్యూటర్లు చూసుకునే మనిషి ఉద్యోగానికి ఇంటర్వ్యూలు. పాత కుర్రాణ్ని శనివారమే సాగనంపాడు. కంప్యూటరు ఆ క్షణాన ఎలా ఉన్నదో అలా నకలు తీసి దాచే స్నాప్‌షాట్ ప్రతి గంటకూ పడేలా అతను టైము పెట్టాడు. డిస్కు నిండిపోతోందని మేనేజరుకు చిర్రెత్తుకొచ్చింది. “గంటకో ఫోటో దేనికయ్యా, ఇక్కడేమన్నా పెళ్లవుతోందా?” అని అడిగి, ‘ఫోటోగ్రాఫర్’ అని పేరు కూడా పెట్టి మరీ పంపించేశాడు. ఇప్పుడు ఫోన్ చేసి రమ్మనాలంటే నామోషీ.

అందుకని చచ్చిన కంప్యూటరునే పరీక్షగా పెట్టాడు.

మొదటి అభ్యర్థి అంతా చెరిపేసి కొత్తగా మొదలుపెడదామన్నాడు. రెండో అతను వారం గడువు అడిగాడు. ఇక బయట బెంచీ మీద మిగిలింది యాభై దాటిన ఒక ఆవిడ.

“లోపలికి రండమ్మా. కంప్యూటర్లు తెలుసా?”

“ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పాను. అసలు నేను వచ్చిన సంగతేంటంటే...”

“మాటలు తర్వాత. ముందు దీన్ని లేపండి.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

“ఇది అసలు కంప్యూటరు కాదండీ. ఆ మూలనున్న పెద్ద మిషను పొట్టలో సాఫ్ట్‌వేరుతో కట్టిన ఉత్తుత్తిది. వర్చువల్ మిషన్ అంటారు. స్నాప్‌షాట్లు ఉంటే చచ్చినా లేపొచ్చు.” జాబితా తెరిచింది. “తొమ్మిది, పది, పదకొండు. ఉన్నాయి. పదకొండుంపావుకు అప్‌డేట్ మొదలైనట్టు ఇక్కడ రాసుంది. ‘అవును’ నొక్కిందెవరు?”

“పరీక్ష కోసం మేమే పాడుచేశాం,” అన్నాడు మేనేజరు గంభీరంగా.

“చక్కగా చేశారు.”

ముందు ఆ పాడైపోయిన స్థితికి కూడా ఒక నకలు తీసి దాచింది. పదకొండు గంటల స్నాప్‌షాట్‌ను పక్కన విడిగా లేపి నంబర్లు సరిచూసింది. ఆ తర్వాతే అసలుదాన్ని పదకొండింటికి వెనక్కి తిప్పింది. అంతసేపూ మేనేజరు గోళ్లు కొరుక్కుంటూనే ఉన్నాడు.

తెర వెలిగింది. ఆయన పరుగున వెళ్లి ఒక తెల్లకోటు చీటీ చూసి వచ్చాడు. నాలుగు వందల పన్నెండు. పళ్ల డాక్టరుది. తెర మీదా పళ్ల డాక్టరే.

“పదకొండు తర్వాత పావుగంటలో వచ్చిన బట్టలు ఇందులో ఉండవు. రసీదు పుస్తకం తెండి,” అంది ఆవిడ.

తొమ్మిది రసీదులు తేలాయి. ఆవిడ చదువుతుంటే మేనేజరు టైపు చేశాడు. మూడు కాకుండానే పని పూర్తయింది.

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. “ఉద్యోగం మీదేనమ్మా. రేపే చేరిపోండి.”

“నేను చేసిందేముంది? ఆ స్నాప్‌షాట్లు పెట్టినవాళ్లదే గొప్పంతా.”

ఆ సంబరంలో మేనేజరు నామోషీ కూడా మరిచిపోయాడు. రెండు చేతులూ జోడించాడు. “నిజమేనమ్మా. నోటికొచ్చినట్టు తిట్టి పంపించాను గానీ, ఇవాళ నన్ను కాపాడింది వాడే. వాణ్ని కన్నతల్లి కడుపు చల్లగుండ.”

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఆ కడుపు శనివారం నుంచి మండిపోతూనే ఉందండీ, మిమ్మల్ని కడిగిపారేద్దామనే ఇలా వచ్చాను.”