అగ్గిపుల్లల గని

భర్త గనిలో కప్పు కూలి చనిపోయిన మూడు నెలలకు, భూపాలపల్లి క్వార్టర్‌లో విమల ఒక అట్టపెట్టెలో ఆ చోటును కట్టింది. అగ్గిపుల్లలను జిగురుతో అతికించి స్తంభాలు నిలబెట్టింది. గోడలకు బొగ్గుపొడి అద్దింది. తనెన్నడూ చూడని గని అది. భర్తతో పనిచేసిన వీరేందర్ పక్కన కూర్చుని చెబుతుంటే కట్టింది.

ఇక లోపల పెట్టాల్సిన రెండు మైనపు బొమ్మలు మిగిలాయి, ఒకటి భర్తది, ఒకటి వీరేందర్‌ది.

"ఆయన ఎక్కడుండె, తమ్మీ?"

వీరేందర్ పట్టకారుతో ఆమె భర్త బొమ్మను కప్పు కూలిన చోట పెట్టాడు. తన బొమ్మను బయట పెట్టాడు. అంతలోనే రెండింటినీ తీసి తారుమారు చేశాడు.

"లోపల చిక్కింది నేను, వదినె. అన్న బయటనే ఉండె. నా కేక ఇని మళ్ల లోపలికొచ్చి, నన్ను అవతలికి నూకిండు. గీ మాట నీకు చెప్పనీకి నోరు రాలే."

విమల బయట ఉన్న భర్త బొమ్మను వేలితో తాకింది.

"అంటే, ఆయన ఒకపారి బయటపడ్డడా?" అని అడిగింది.