గుత్తకివ్వని చెట్టు

"ఆ ఒక్క చెట్టు మాత్రం గుత్తలో ఉండదండీ," అన్నాడు శ్రీరాములు, తోట గేటు దగ్గర బండి ఆపి. "ఈ ఏడు మిగతా చెట్ల కాపంతా నాదే. అది దారినపోయేవాళ్ళకి. ఎవరైనా కోసుకు తినొచ్చు, డబ్బులడగరు."

"మీరెప్పుడైనా తిన్నారా?" అంది వైష్ణవి, ఫారాలు బయటికి తీస్తూ.

మూడు తరాలుగా నూజివీడులో మామిడి వ్యాపారం చేస్తున్న మనిషి, ఆ ప్రశ్నకి మాత్రం తల దించుకున్నాడు. "ఊళ్ళోవాళ్ళం ముట్టుకోమండీ. అక్కడ ఎప్పుడూ ఒక మామ్మ కూర్చునుంటుంది, ఆవిణ్ణి అడగండి." బండి తిప్పుకుని ఆగిరిపల్లి వైపు వెళ్ళిపోయాడు.

ఎంత మర్యాదస్తులో అనుకుంది వైష్ణవి. ఆమెకి ఆశ కూడా పుట్టింది. యూనివర్సిటీలో దాతృత్వం మీద, పౌరసమాజం మీద పరిశోధన చేసే సెంటర్లో ఆమె ఫెలో. ముందున్నమ్మాయి చెప్పాపెట్టకుండా మానేస్తే ఈ పని చేతికొచ్చింది. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చే మనిషిని ఒక్కరినైనా చూపించకపోతే నెలాఖరుకి ఇంటికేనని డైరెక్టర్ భారతి మేడం తేల్చి చెప్పేసింది. దొరికినవాళ్ళేమో ఇలాంటివాళ్ళు: బడికి ఫ్యాన్లు ఇచ్చినాయన రెక్కరెక్కకీ తన పేరు రాయించాడు. చలివేంద్రం పెట్టినావిడ కుండకంటే పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. ఇక్కడ బోర్డు లేదు, పేరు లేదు. వైష్ణవికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

చెట్టు కింద మామ్మ ఒళ్ళో కర్ర పెట్టుకుని కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్ట. ఒంటిమీద వెలిసిపోయిన చుడీదార్. ఎవరో దానంగా ఇచ్చిన పాతబట్ట అయ్యుంటుందని జాలిపడి, అదీ రాసుకుంది వైష్ణవి.

"సెంటర్ నుంచా అమ్మాయ్? కూర్చో. ఫోన్ లోపల పెట్టెయ్, ఇక్కడ సిగ్నల్ రాదు."

"మీకెలా తెలుసు మామ్మగారూ?"

"మెళ్ళో కార్డుందిగా."

అడిగినవాటికి మామ్మ టకటకా చెప్పింది. చెట్టు ఎవరిది? ఎవరిదీ కాదు. ఎన్నాళ్ళుగా ఇస్తున్నారు? ఎప్పటినుంచో. వైష్ణవి పేజీ తిప్పకముందే, "ఇచ్చేటప్పుడు మనసులో ఏమనుకుంటారు, అదేగా తర్వాతది?" అంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో వైష్ణవికి ఒళ్ళు జలదరించింది. పక్క చెట్ల నిండా కోతులున్నాయి. ఈ చెట్టు మీద ఒక్కటీ లేదు.

"ఇలా అడగడానికి చాలామంది వస్తుంటారా?"

"ఈ ఏడు నువ్వే మొదలు. ముందు ఒక పండు తిను. తినకుండా ఏం రాస్తావు?"

నిజమే కదా అనిపించింది. మామ్మ ఇచ్చిన చిన్నరసం పండుని మెత్తగా పిసికి, తొడిమ తీసి నోట పెట్టుకుంది. అంత తియ్యటి పండు ఆమె జన్మలో తినలేదు. టెంక తెల్లబడేదాకా చీకింది. మామ్మ అంతసేపూ రెప్ప వెయ్యలేదు.

తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, కర్ర తీసి వైష్ణవి ఒళ్ళో పెట్టి, మోకాలి మీద చెయ్యైనా ఆనించకుండా లేచి నిలబడింది. "కాస్త పట్టుకో."

వైష్ణవి నవ్వుతూ పట్టుకుంది. తనూ లేవబోతే కాళ్ళు సహకరించలేదు. తిమ్మిరెక్కాయేమో అనుకుని పెన్ను తీసింది. అక్షరాలు వంకర పోతున్నాయి.

"చివరి ప్రశ్న మామ్మగారూ. తిరిగి ఏమీ ఆశించరుగా? ఆ ఒక్క మాట చెప్తే నా ఉద్యోగం నిలబడుతుంది."

"అబద్ధం చెప్పలేనమ్మా. ఆశించాను. ఎవరో ఒకరు వచ్చి తినాలని ఏడాదంతా ఏడ్చాను. నన్ను క్షమించు." మామ్మ అప్పటికే గేటు వైపు నడుస్తోంది.

"ఎందుకు? తింటే మీకేం వస్తుంది?"

ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"పోయిన వేసవిలో ఈ పండు తిన్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు."