మూగపెట్టె

వంక ఒడ్డునున్న వరద హెచ్చరిక పెట్టె ఉన్నట్టుండి మూగబోయింది.

అంతవరకూ నిమిషానికోసారి పచ్చలైటు వెలిగి 'కుయ్' మనేది. నీళ్లు లేవని చెప్పడం అది. ఎండిన వంకలో నీళ్లు లేవని అందరికీ తెలుసు. అయినా ఆ చప్పుడు వింటే ఊరికి ధైర్యం.

సర్పంచ్ ఓబుళేశు పరుగున వచ్చేసరికి, ఎర్రగుంట్లలో రైలు దిగి వచ్చిన ఆ పెట్టె కంపెనీ మనిషి నెహెమ్యా పెట్టెకు తాళం వేస్తున్నాడు.

"ఏం చేసినావప్పా దాన్ని?"

నెహెమ్యా నెమ్మదిగా చెప్పాడు. పెట్టె సాఫ్ట్‌వేర్‌లో కెర్నల్ అని, పెట్టె మొత్తాన్ని నడిపే భాగం ఒకటుంటుందట. నీటిమట్టం మారకపోయినా అది మాటిమాటికీ పెట్టెను నిద్ర లేపి అదే కబురు చెప్పిస్తోందట. లేచిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చే. ఇకమీదట మట్టం మారితేనే లేపేలా మార్చాడట.

"పలకని పెట్టె బతికుండాదో సచ్చిందో మాకెట్ల తెలుస్తాది?"

"పొద్దున ఒక్కసారి పలుకుతాది సార్. అది చాలు."

"ముందు మాదిరే పెట్టు."

"పెట్టను."

జనం చుట్టుముట్టారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. నెహెమ్యా తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

ఓబుళేశు అక్కడే కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా ఫిర్యాదు చేశాడు. వేరే మనిషిని పంపి సరిచేయిస్తామన్నారు వాళ్లు.

ఆ మనిషి రాకముందే ముసురు పట్టింది. ఎండ మొహం కనబడలేదు. సోలార్ పలకల నుంచి పెట్టెల బ్యాటరీలకు చార్జి ఎక్కలేదు. ఇంకా నిమిషానికోసారి పలికే పక్కూళ్ల పెట్టెలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయని కబురొచ్చింది.

ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాల ముందు కూర్చున్న వేళ, ఓబుళేశు ఊరి పెట్టె సైరన్ అందుకుంది.

పైన చెరువు తెగింది.

ఓబుళేశు తల్లిని భుజాన వేసుకుని మిట్ట మీది బడికి పరుగెత్తాడు. ఊరంతా వెనకే ఎక్కింది. తిరిగి చూస్తే వాళ్ల వీధిలో ఎర్రనీళ్లు ఇంటి కప్పులను తాకుతున్నాయి.

మిట్ట మీద ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. అందరూ పలికారు.

ఓబుళేశు తడిచేతులతోనే కంపెనీకి ఫోన్ చేశాడు. శ్రావణి అనే ఉద్యోగిని ఎత్తింది. నెహెమ్యాతో మాట్లాడాలన్నాడు.

"ఆయన లేరు సార్. మీ ఫిర్యాదు మీద ఆ రోజే పనిలోంచి తీసేశారు."

ఓబుళేశు, ఆయన ఇల్లు యాడో చెప్పమ్మా, పోయి కలుస్తానన్నాడు.

అవతల ఆ అమ్మాయి చెప్పింది.

"ఇల్లు లేదు సార్. పోయినేడు వాళ్లూరి పెట్టె చార్జి అయిపోయి మోగలేదు. ఆయన భార్యనూ పాపనూ ఇంటితో సహా వంక తీసుకుపోయింది."