మూడో వాయిదా

తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు ఒక్కటే వచ్చింది. డాష్‌బోర్డు మీది దీపాలు ఓసారి మిణుక్కుమని ఆరిపోయాయి.

భానుప్రకాశ్ పక్కకు చూడలేదు. పక్క సీట్లో భార్య శైలజ ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్లు ఫ్యామిలీ కోర్టుకు బయల్దేరారు. విడాకుల కేసు. మొదటి వాయిదా రోజు కూడా ఈ పాత కారు ఇలాగే మొరాయించింది. యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఎవరినో బతిమాలి, వాళ్ల బ్యాటరీకి వైర్లు కలిపినా లాభం లేక, చివరికి ఆటో ఎక్కి చేరేసరికి వీళ్ల పేర్లు పిలవడం అయిపోయింది.

ఇవాళ రెండో వాయిదాకూ అదే జరిగింది. మళ్లీ వాయిదా పడింది.

వాళ్ల మధ్య పెద్ద కొట్లాటలేమీ లేవు. ఒకప్పుడు ఇదే క్యాంపస్‌లో చెట్ల కింద పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకున్నవాళ్లకు ఇప్పుడు మాటలు కరువయ్యాయి. ఆమె ల్యాబ్ నుంచి వచ్చి ఒక గదిలోకి పోతుంది. అతను పాఠాలు చెప్పి వచ్చి ఇంకో గదిలోకి పోతాడు. విడిపోదామని ఆమే అంది. అతను సంతకం పెట్టాడు.

కోర్టు నుంచి తిరిగొస్తూ తార్నాకలో ఆటో దిగి చాయ్ తాగారు. ఏదో మాటకు శైలజ నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఇంటికొచ్చాక మళ్లీ ఎవరి గది వాళ్లదే.

మూడో వాయిదా దగ్గర పడింది. ఈసారి కారు బాగుచేయించాల్సిందేనని శైలజ గట్టిగా చెప్పింది. ముందు రోజు తనూ వెంట వచ్చింది.

తార్నాకలో మెకానిక్ బాలరాజు బానెట్ ఎత్తాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీకి మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టులు చూపించింది. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా అంకె పడిపోలేదు. ఆల్టర్నేటర్ బ్యాటరీని బాగానే నింపుతోందన్నాడు. ఇంజిన్ ఆపి, అన్నీ బంద్ చేసి, కరెంటు ఎటైనా కారిపోతోందేమో అదీ చూశాడు. ఎక్కడా లేదు.

భానుప్రకాశ్ బానెట్ లోపలికి తొంగిచూశాడు. పాత బండి కదా, లోపల ఏ వైరో చెడిపోయి ఉంటుందేమో సరిగ్గా చూడమన్నాడు.

"బండిల ఏం లేదు సార్," అన్నాడు బాలరాజు. "రాత్రంత లోపల లైటు ఎలుగుతున్నట్టున్నది. గట్లయితేనే బ్యాటరీ మొత్తం దిగుతది. ఎవరన్న మర్చిపోతున్నరా?"

"లేదు. నేను చూసుకునే దిగుత," అన్నాడు భానుప్రకాశ్.

శైలజ కారు లోపలి చిన్న బల్బు వైపు చూసింది.

తెల్లవారింది. భానుప్రకాశ్ నిదానంగా స్నానం చేశాడు. ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేక బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. టైమవుతోందని శైలజ పిలిచాకగానీ కిందికి దిగలేదు.

కారులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారికే అందుకుంది.

అతని చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

శైలజ సీటుబెల్టు పెట్టుకుంది. బయటికి చూస్తూ, మెల్లగా అంది.

"రెండుసార్లు కిటికీలకెల్లి చూసి కూడ ఊకున్న భానూ, రాత్రి మాత్రం నువ్వు వేసిపోయిన లైటు నేనే ఆర్పేసిన."