డూపు బంతి

"ఎండ మాడ్చేస్తుంటే ఆ కోటేంటి చెల్లెమ్మా? పైగా మెడదాకా గుండీలు!" అన్నాడు స్టాన్, పక్కకి జరిగి చోటిస్తూ.

"నాకు సరస్సు గాలి పడదండీ," అంటూ ఆవిడ కూర్చుంది. "బంతి ఇక్కడికి వస్తుందా?"

స్టాన్‌కి నవ్వొచ్చింది. షికాగో బేస్‌బాల్ మైదానంలో, తీగలు పాకిన గోడ వెనకాల కుడివైపు బెంచీల్లో అతను పాతకాపు. కొత్తవాళ్ళెవరైనా ఇలా అడిగితే చాలు, ఇక అతని నోరు ఆగదు.

"ఎడమచేతి వాటం వాడు గట్టిగా కొడితే ఇటే వస్తుంది. అవతలి జట్టు సెయింట్ లూయిస్ వాళ్ళు ఇవాళ టకెట్ అనే కొత్త కుర్రాణ్ణి దింపుతున్నారు. వాడిది ఎడమచెయ్యే. పెద్ద జట్టులో మొదటి ఆట. వాడేం కొడతాడు లెండి, కాళ్ళు వణుకుతుంటాయి!"

"కొడతాడేమో," అందావిడ.

స్టాన్ ఇంట్లో అల్మారాల నిండా బంతులే. ఆటకి ముందు సాధన చేసేటప్పుడు వచ్చి పడ్డవి, ఆటగాళ్ళు జాలిపడి విసిరినవి, బెంచీల కింద దొర్లుతుంటే దూరి అందుకున్నవి. కానీ అసలు ఆటలో గోడ దాటొచ్చిన హోమ్‌రన్ బంతి మాత్రం లేదు. అది దక్కకుండానే పోతానేమోనని అతని బెంగ. ఆ బెంగని కెలకడానికి వెనక వరసలో బర్నీ ఎప్పుడూ సిద్ధమే.

"ఒరేయ్ స్టానూ! ఇవాళైనా పట్టుకుంటావా, కిందటేడులా నా బీరుగ్లాసులోకి జారవిడుస్తావా?"

"నోర్ముయ్‌రా!"

కోటావిడ గొంతు తగ్గించి అడిగింది. "అవతలి జట్టువాళ్ళు హోమ్‌రన్ కొడితే మీరిక్కడ బంతిని తిరిగి మైదానంలోకి విసిరేస్తారటగా?"

"విసరకపోతే బతకనివ్వరు తల్లీ. పగవాడు కొట్టిన బంతి మనకొద్దు, అదీ ఇక్కడి పౌరుషం. అందుకే ఇది!" స్టాన్ జేబులోంచి మాసిన బంతిని కొంచెం పైకి లాగి చూపించాడు. "డూపు. పొద్దున సాధనలో దొరికింది. విసిరేది దీన్ని, దాచుకునేది అసలుదాన్ని."

"మరి కొట్టిన కుర్రాడు తన మొదటి హోమ్‌రన్ బంతి కావాలంటే?"

"డూపునే ముద్దుపెట్టుకుంటాడు! వాడికేం తెలిసేడుస్తుంది? గోడ దాటాక ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే."

"ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే," అని ఆవిడ పాఠంలా అప్పజెప్పింది.

టకెట్ బ్యాటుతో వచ్చాడు. బెంచీల నిండా ఈలలూ వెక్కిరింతలూ. మొదటి బంతికి గాలిని కొట్టాడు. రెండోదీ అంతే.

"చెప్పలేదూ!" అన్నాడు స్టాన్. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

అప్పుడు మోగింది బ్యాటు, ఠప్పుమని!

"ఇటే! ఇటే వస్తోందిరోయ్!"

బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. "రా! రా! రా!" అని అందరికంటే గట్టిగా కోటావిడే అరిచింది. స్టాన్ బెంచీ ఎక్కి గ్లవ్ తొడిగిన చెయ్యి చాచాడు. ఎవరిదో మోచెయ్యి డొక్కలో దిగింది. కళ్ళలో ఎండ పడింది. అయినా చెయ్యి దించలేదు. బంతి ధబ్బున వచ్చి గ్లవ్‌లో పడింది.

దొరికింది! ఇన్నేళ్ళకి దొరికింది! స్టాన్‌కి సంతోషంతో ఏడుపొచ్చింది.

ఏడవడానికి తీరికేదీ? "విసిరెయ్! విసిరెయ్!" అని చుట్టూ ఒకటే గోల. దానికి తోడు బర్నీ గొంతు. "వాడి దగ్గర డూపుంటుంది! విసిరాక జేబులు తడమండ్రా!"

స్టాన్ చటుక్కున వంగి అసలు బంతిని కోటావిడకి అందించాడు.

"చెల్లెమ్మా, మీకు పుణ్యముంటుంది, దాచండి!"

ఆవిడ రెండు చేతులా అందుకుంది. స్టాన్ లేచి డూపుని శక్తికొద్దీ విసిరాడు. జనం హోరెత్తిపోయారు. బర్నీ దిగొచ్చి అతని జేబులూ, గ్లవ్వూ, టోపీ, చివరికి మేజోళ్ళు కూడా వెతికాడు. ఏమీ దొరకలేదు.

"నిజంగానే విసిరేశావట్రా? అనవసరంగా అనుమానించాను. పద, ఇవాళ నీకు బీరు నేను పోయిస్తా!"

స్టాన్ ఛాతీ విరుచుకుని పక్కకి తిరిగాడు. చోటు ఖాళీగా ఉంది. కోటావిడ అప్పటికే సగం మెట్లు దిగిపోయింది.

"చెల్లెమ్మా! నా బంతి!"

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. ముఖమంతా నవ్వు, చెంపలమీద కన్నీళ్ళు. బంతిని పైకెత్తి చూపించింది.

"ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అన్నయ్యా!"

మళ్ళీ అటు తిరిగి, పరుగులాంటి నడకతో దిగుతూనే కోటు గుండీలు విప్పేసింది. కోటు భుజాల మీంచి జారింది. లోపల సెయింట్ లూయిస్ వాళ్ళ ఎర్రచొక్కా.

వీపుమీద 'టకెట్ వాళ్ళమ్మ' అని ఉంది.